బాల్కనీ పిట్టకి 600 ఎంఎం లెన్స్ ఎందుకు?

ముందే చెప్పేస్తా. బాల్కనీలోనో, డాబా మీదో, పెరట్లోనో వాలే పిట్టల్ని ఫోటో తీద్దామని మొదటి టెలిఫోటో లెన్స్ కొంటున్నవాళ్లు 150-600 ఎంఎం జోలికి వెళ్లొద్దు. డబ్బులున్నా వెళ్లొద్దు. 250 లేదా 300 ఎంఎం దాకా వెళ్లే, స్టెబిలైజేషన్ ఉన్న చిన్న లెన్స్ చాలు. అది కూడా సెకండ్ హ్యాండ్‌లో. ఇది చదివి 'ఎంత రీచ్ ఉంటే అంత మంచిది కదా బ్రో' అని కామెంట్ పెట్టబోయేవాళ్లు కాస్త ఆగండి. లెక్కలు ఉన్నాయి.

ఈ టాపిక్ ఎందుకొచ్చిందంటే, మా బాబాయి కొడుకు డిగ్రీ ఫైనలియర్. ఉండేది మొజంజాహీ మార్కెట్ వెనక సందులో, రెండో అంతస్తు. చేతిలో కానన్ 1500డీ, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్. ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి 25 వేలు. అబిడ్స్ వైపు ఒక షాపుకి వెళ్లి 'పిట్టలకి లెన్స్ కావాలి' అన్నాడట. షాపు బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు.

'అన్నా, 150-600 తీసుకుంటే మళ్ల ఇంకో లెన్స్ కొనే పనే ఉండదంటున్నడు షాపాయన. ఉన్నది కట్టి మిగిలింది ఈఎంఐ పెట్టుకోమంటున్నడు. ఏమంటవ్?'

'నీ బాల్కనీ పొడవెంతరా?' అన్నాను.

ఎనిమిది అడుగులట. అంటే దాదాపు రెండున్నర మీటర్లు. సిగ్మా 150-600 కాంటెంపరరీ లెన్స్ కనీస ఫోకస్ దూరం 2.8 మీటర్లు. అంతకన్నా దగ్గర ఉన్నదాన్ని అది ఫోకస్ చేయదు. అంటే తేనెపిట్ట వచ్చి రెయిలింగ్ మీద వాలితే, వీడు బాల్కనీ దాటి హాల్లోకి వెనక్కి నడవాలి. లక్షకు దగ్గర్లో ఖర్చు పెట్టి, ఇంటికొచ్చిన పిట్ట నుంచి పారిపోవాలన్నమాట. టామ్రాన్ 150-600 జీ2 కొంచెం నయం, 2.2 మీటర్లు. కానన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎం అయితే 0.85 మీటర్లు. అంటే మూడడుగుల లోపే.

రివ్యూల్లో అందరూ 'మ్యాక్స్ జూమ్ ఎంత' అనే చూస్తారు. స్పెసిఫికేషన్ల పేజీలో కింద ఎక్కడో ఉండే ఈ కనీస ఫోకస్ దూరం నంబర్‌ని ఎవరూ పట్టించుకోరు. ఇంటి దగ్గర పిట్టల విషయంలో నేను మొదట చూసేది అదే.

ఇప్పుడు రీచ్ సంగతి. సెన్సార్ మీద పిట్ట ఎంత సైజులో పడుతుందో తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదు. ఫోకల్ లెంగ్త్‌ని దూరంతో భాగించి, పిట్ట సైజుతో గుణించండి. తేనెపిట్ట దాదాపు 10 సెంటీమీటర్లు. 10 మీటర్ల దూరంలో ఉంటే 600 ఎంఎం లెన్స్ దాన్ని సెన్సార్ మీద 6 మిల్లీమీటర్ల సైజులో పడేస్తుంది. అదే పిట్ట 4 మీటర్ల దూరంలో ఉంటే 250 ఎంఎం లెన్స్ ఎంత ఇస్తుంది? 6.25 మిల్లీమీటర్లు. కాస్త ఎక్కువే! 1500డీ సెన్సార్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో 6000 పిక్సెల్స్. ముక్కు నుంచి తోక దాకా మీ తేనెపిట్ట మీద దాదాపు 1700 పిక్సెల్స్ పడ్డట్టు. ఇన్‌స్టాలో ఫోటో వెడల్పు 1080. పిట్ట ఒక్కదాన్నే క్రాప్ చేసుకున్నా ఇంకా మిగులుతుంది.

అంటే పిట్టని ఆరు మీటర్లు దగ్గరికి రప్పించగలిగితే 350 ఎంఎం ఆదా. దాన్ని రప్పించడం ఎలా అనేది చివర్లో చెప్తా, దానికయ్యే ఖర్చు వంద రూపాయలు కూడా ఉండదు.

దూరం నుంచి తీయడంలో ఇంకో చిక్కు ఉంది, అది మన ఊరి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కాక డాబాల సిమెంటు, రేకుల కప్పులు కాగి గాలి మరుగుతున్నట్టు ఊగుతుంది. రోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపించేది ఇదే. ఆ గాలి గుండా నాలుగు డాబాల అవతలున్న గద్దని తీస్తే, ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఈకలు పేస్టులా వస్తాయి. చాలామంది అది లెన్స్ లోపమనుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరుగుతారు. మధ్యలో ఉన్న గాలి తక్కువయ్యే కొద్దీ ఈ సమస్య తగ్గుతుంది. నాలుగు మీటర్లలో అసలు తెలీదు.

బరువు కూడా చూడండి. సిగ్మా 1930 గ్రాములు, 55-250 ఎస్‌టీఎం 375 గ్రాములు. ఐదు రెట్లు తేడా. రెండు కిలోల లెన్స్ ఎత్తి పట్టుకుని పిట్ట కోసం పది నిమిషాలు నిలబడండి చూద్దాం. ట్రైపాడ్ పెడదామంటే ఎనిమిదడుగుల బాల్కనీలో బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి?

సరే, ఏం కొనాలి? మీ దగ్గర ఏ కెమెరా ఉందనే దాన్ని బట్టి. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ అయితే నా ఓటు 55-250కే. ఇందులో మూడు వెర్షన్లు ఉన్నాయి: మొదటిది, ఐఎస్ 2, ఎస్‌టీఎం. చివరిదే తీసుకోండి, ఫోకస్ చురుగ్గా, నిశ్శబ్దంగా ఉంటుంది. పాతవాటి కనీస ఫోకస్ 1.1 మీటర్లు. సోనీ ఈ-మౌంట్ క్రాప్ బాడీకి 55-210 చాలు. బడ్జెట్ ఉంటే 70-350 జీ చాలా మంచి లెన్స్, 625 గ్రాములే. నికాన్ జెడ్50 లాంటిది ఉంటే 50-250. కానన్ ఆర్-సిరీస్ మిర్రర్‌లెస్ వాళ్లకి ఆర్‌ఎఫ్ 100-400 ఉంది, 635 గ్రాములు. కాకపోతే చివర్లో ఎఫ్/8. అంటే ఎఫ్/5.6తో పోలిస్తే సగం వెలుతురే. అబిడ్స్ లాంటి చోట ఎత్తయిన బిల్డింగుల మధ్య బాల్కనీలో పొద్దున ఏడింటికి అది ఇబ్బందే, ఐఎస్ఓ బాగా పెంచాల్సొస్తుంది.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. ఒకటి, కిట్‌లో కలిపి 'డబుల్ జూమ్ ఆఫర్' అని ఇచ్చే కానన్ 75-300. దాంట్లో స్టెబిలైజేషన్ లేదు, 300 దగ్గర షార్ప్‌నెస్ కూడా నీరసమే. 300 అనే నంబర్ చూసి 250ని వదులుకోవద్దు. రెండు, నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300. లెన్స్ బంగారం, 415 గ్రాములే. కానీ డీ3100, డీ5100, డీ7000, డీ90 లాంటి పాత బాడీల మీద ఆటోఫోకస్ పనిచేయదు. దీంట్లోనే వీఆర్ ఉన్నదీ, లేనిదీ రెండూ అమ్ముతారు. పేరులో వీఆర్ అని ఉందో లేదో చూసి డబ్బులివ్వండి.

సెకండ్ హ్యాండ్ లెన్స్ అనగానే భయపడేవాళ్లుంటారు. నిజానికి మొజంజాహీ మార్కెట్ దగ్గర్లో ఉన్నవాళ్లకి టెస్టింగ్ ల్యాబ్ ఫ్రీగా ఉన్నట్టే. 1935లో కట్టిన రాతి కట్టడం, మీద గడియారం, చుట్టూ పావురాలు, పైన గద్దలు. ఇంకేం కావాలి? తమ్ముణ్ని అక్కడికే తీసుకెళ్లా. అమ్మేవాణ్ని అక్కడికి రమ్మన్నాం, లెన్స్ వాడి కళ్లముందే చెక్ చేశాం.

మొదట ఫోన్ టార్చ్‌ని లెన్స్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులు పర్లేదు, ఫోటోలో కనపడవు. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, నమస్కారం పెట్టి వచ్చేయండి. తేమ ఎక్కువున్న ఊళ్లలో బీరువాలో పెట్టి మర్చిపోయిన లెన్సులకి ఇది మామూలే. తర్వాత 250 దగ్గర, ఎఫ్/5.6లో గడియారాన్ని ఫ్రేమ్ మధ్యలో పెట్టి ఒకటి, నాలుగు మూలల్లో పెట్టి నాలుగు తీయండి. అంకెల అంచులు చూడండి. మూలలు మధ్యలో కన్నా కాస్త మెత్తగా ఉండటం సహజం. నాలుగింట్లో ఒక్క మూల మాత్రమే బాగా మసకగా వస్తే లోపల గాజు పక్కకి జరిగిందని అర్థం, ఎప్పుడో కిందపడి ఉంటుంది. ఇది కెమెరా స్క్రీన్ మీద తేలదు, లాప్‌టాప్‌లో 100 శాతం జూమ్ చేసి చూడాలి. పక్కనే చేత్తో తిప్పి చేసే ఐస్‌క్రీమ్ షాపులున్నాయి కాబట్టి కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు. సీతాఫలం సీజన్ అయితే ఈ పని ఇంకొంచెం ఆలస్యం అవుతుంది, నా పూచీ లేదు.

ఆఖరున ఆటోఫోకస్. గోడ మీద కూర్చున్న పావురం కంటి మీద సెంటర్ పాయింట్ పెట్టి పది ఫోటోలు. 1500డీలో తొమ్మిది పాయింట్లున్నా క్రాస్-టైప్ మధ్యది ఒక్కటే, దాన్నే నమ్ముకోండి. షటర్ స్పీడ్ 1/1000 పెట్టండి. స్టెబిలైజేషన్ మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పిట్ట మెడ తిప్పడాన్ని ఆపదు. పదింట్లో ఏడెనిమిది షార్ప్‌గా వస్తే లెన్స్ బాగున్నట్టే. ఎగిరే పావురాల జోలికి ఇప్పుడే పోవద్దు. సెకనుకి మూడు ఫోటోలు తీసే బాడీతో అది లాటరీ.

ఇది ఫోన్ల సైట్ కాబట్టి తప్పకుండా వచ్చే ప్రశ్న: 'ఫోన్ చాలదా?' కొంతవరకు చాలు. నాలుగు మీటర్ల దూరంలో 1500డీ, 250 ఎంఎం కాంబోకి ఫ్రేమ్ వెడల్పు దాదాపు 36 సెంటీమీటర్లు. గెలాక్సీ ఎస్23 అల్ట్రా 10ఎక్స్‌కి దాదాపు 63 సెంటీమీటర్లు, అంటే పిగిలిపిట్ట బాగానే కనిపిస్తుంది. వివో ఎక్స్200 ప్రో టెలిఫోటోకి 1.7 మీటర్లు, మిగతాది క్రాప్ చేసుకోవాలి. ఈ మధ్య వివో, ఒప్పో ఫోన్ మీద తగిలించే టెలికన్వర్టర్లు తెచ్చాయి. అవి నిజంగానే పనిచేసే గాజు, వీధిలో దొరికే క్లిప్ లెన్సులతో కలిపి చూడొద్దు. మీ దగ్గర ఇలాంటి ఫోన్ ఇప్పటికే ఉంటే నెల రోజులు దాంతోనే తీయండి, ఒక్క రూపాయి పెట్టకండి. కానీ పిట్టల కోసమని కొత్తగా ఫ్లాగ్‌షిప్ కొనడాన్ని నేను ఒప్పుకోను. ఎండలో ఓకే, నీడలోకి వెళ్లగానే సాఫ్ట్‌వేర్ ఈకల్ని వాటర్ కలర్ బొమ్మలా అలికేస్తుంది. నికాన్ పీ900, పీ1000 లాంటి సూపర్ జూమ్‌లదీ అదే కథ. 2000, 3000 ఎంఎం అని రాసుంటుంది గానీ లోపలి సెన్సార్ వైశాల్యం 1500డీ దాంట్లో దాదాపు పన్నెండో వంతు. చందమామకి భలే ఉంటుంది, కొమ్మల నీడలో కూర్చున్న దర్జీ పిట్టకి కాదు.

మరి 600 ఎవరికి? అమీన్‌పూర్ చెరువుకి వెళ్లేవాళ్లకి. అక్కడ బాతు 40 మీటర్ల అవతల ఉంటుంది, నీళ్ల కుండీ పెడితే దగ్గరికి రాదు. అలాంటి రోజుకి లెన్స్ అద్దెకి తీసుకోండి. ఏడాదిలో పది పన్నెండు సార్లు అద్దెకి తెచ్చుకుంటున్నామని తేలినప్పుడు కొనడం గురించి ఆలోచించొచ్చు. తమ్ముడికైతే ఇంటి తర్వాతి మెట్టు అమీన్‌పూర్ కాదు, నాంపల్లి స్టేషన్ దాటితే వచ్చే పబ్లిక్ గార్డెన్స్. మనుషుల్ని చూసి చూసి అలవాటైన పిట్టలు, 250తో హాయిగా వస్తాయి. పేర్లు తెలీకపోతే మెర్లిన్ యాప్‌లో కూత రికార్డ్ చేస్తే చెప్తుంది. ఆ యాప్‌లోని కూతని స్పీకర్‌లో పెట్టి పిట్టని పిలవడం మాత్రం వద్దు. శత్రువు వచ్చిందనుకుని గూడు వదిలి కొట్లాటకొస్తుంది పాపం.

ఇక ఆ వంద రూపాయల సంగతి. కుండలమ్మే చోట వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి తెచ్చుకోండి. లోతు అంగుళం, అంగుళంన్నర చాలు, ఎక్కువైతే చిన్న పిట్టలు దిగవు. మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి, అవి వాలేది దాని మీదే. గింజలు మాత్రం వేయకండి. ఆ ఏరియాలో గింజ వేస్తే వచ్చేది పావురాలే, మిగతా పిట్టల్ని దగ్గరికి రానివ్వవు. పైగా బాల్కనీలో పావురాల రెట్ట పేరుకోవడం ఊపిరితిత్తులకి మంచిది కాదని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. నీళ్లకైతే పిగిలిపిట్ట, గోరింక, అదృష్టం బాగుంటే తేనెపిట్ట వస్తాయి. మూకుడు మీరు కూర్చునే చోటుకి మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. బాల్కనీ సరిపోకపోతే డాబా మీద, పొద్దుటి ఎండ మీ వీపు వైపు నుంచి పడేలా. వెనక గోడ ఎంత దూరంగా ఉంటే బ్యాక్‌గ్రౌండ్ అంత మెత్తగా వస్తుంది. మొదటి వారం ఏదీ రాకపోవచ్చు, చోటు మార్చకండి. నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, లేదంటే పిట్టల కన్నా ముందు దోమలొస్తాయి.