కథ చెప్పనిండు

మన పాఠశాలలలో బాలుని భాషాజ్ఞానమును గొలుచుటకు రెండే సాధనములు గలవు: చదివించుట, వ్రాయించుట. ఈ రెంటను దప్పినవాడు సోమరి యనియో మందమతి యనియో పేరు పొందును. వాని నోటిమాట యెట్లున్నదో విచారించువారు లేరు. ఇది యన్యాయము. నేనును దీనిని జేసినవాడనే.

నా తరగతిలో నొక బాలుడుండెను. ‘ఇదేమి? అదెవరిది?’ యన్నచో వెంటనే యుత్తరమిచ్చెడివాడు. మాటలు వచ్చినవానికి చదువు రాకుండుట సోమరితనమే యని యేడాది కాలము వానిని నిందించితిని. ఒకనాడు ఆవు పులి కథ చెప్పుమంటిని. ‘పోయింది. పులి వచ్చింది. తర్వాత చెప్పింది. తర్వాత పోయింది’ అని నిలిచిపోయెను. పోయిన దెవరు? చెప్పిన దెవరితో? మరలివచ్చుట యేల? వాని కష్టము పుస్తకముతో మొదలు కాలేదనియు, మాటను మాటతో గూర్చుటయందే యున్నదనియు నాడు గ్రహించితిని.

ఒంటి ప్రశ్నకు ఒంటి మాట చాలును, కథకు జాలదు. వచ్చిన యాపద, పన్నిన యుపాయము, తుది ఫలము వరుస దప్పక చెప్పవలెను. తెలుగున గర్తను జెప్పకయే వాక్యము నడచును గనుక, పని చేసిన దెవరో వినువానికి దెలుపు భారము చెప్పువానిదే. ‘పులికి మాట యిచ్చి, యింటికి పోయి, దూడకు పాలిచ్చి’ యని క్త్వార్థకములతో పనులను గొలుసుగా గూర్చు బిడ్డకును, ‘తర్వాత, తర్వాత’ యను బిడ్డకును గల భేదమును ఏ పదపట్టికయు జూపజాలదు. మఱియొక బిడ్డ యక్షరము చదువలేకయే కథను జక్కగా జెప్పును. వాని చిక్కు వేఱు, చికిత్సయు వేఱు.

‘కథలు అవ్వల పని, పరీక్ష కాదు’ అందురు. 1969లో అమెరికాలో మెర్సర్ మేయరు ప్రచురించిన, కథనమున ఒక్క మాటయు లేని కప్ప బొమ్మల పుస్తకమును జూపి, పండితులు పలు భాషల బిడ్డలచే కథ చెప్పించి శోధించిరి. ‘వ్యవధి లేదు’ అందురు. పది నిమిషములు లేవా? ఏడాది నిందించుటకు వ్యవధి యున్నదే!

అయితే ఇంటి యాసను దప్పుగా లెక్కింపరాదు. కథలెఱుగని బిడ్డకు ముందు వినిపించి పిదప చెప్పింపవలెను. ఒక్క కథతో దీర్పు చేయరాదు. సందేహము గలిగినచో వాగ్దోష నిపుణునకు జూపవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యమును నిర్వచించుచు, వ్రాసెడి భాషతోపాటు పలికెడి భాషను గూడ బేర్కొన్నది. చట్టము గుర్తించిన దానిని గురువు గుర్తింపకుండుట తగునా? ఉపాధ్యాయులారా! బిడ్డను సోమరి యనుటకు ముందొక కథ చెప్పనిండు. మీరు కూర్చుండి వినుడు.