దూడ నోటికాడి పాలు

పశువైద్య శిబిరం పెట్టినప్పుడల్లా మనకు ఒకే పాఠం చెబుతారు. దూడకు దాని బరువులో పదో వంతు పాలు పట్టాలి, ఆకలితో మాడ్చకూడదు, నేటి పెయ్యే రేపటి పాడి అని. మైకు పట్టుకున్న అధికారి చెప్పేదాంట్లో తప్పేమీ లేదు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లకు ఆ సంగతి ఆయనకంటే ముందే తెలుసు. పొద్దున్నే దూడను పొదుగు దగ్గర నుంచి లాగి గుంజకు కట్టేది వాళ్లే. అది అరుస్తుంటే వినేదీ వాళ్లే. తెలిసి కూడా ఎందుకు లాగాల్సి వస్తోందని మాత్రం ఏ శిబిరంలోనూ అడగరు. మేము అడుగుతున్నాం.

ముర్రా దూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలు ఉంటుంది. పదో వంతంటే రోజుకు 3 లీటర్లు. రెండు నెలలకు 180 లీటర్లు. పాల కేంద్రంలో లీటరుకు 50 రూపాయలు పడుతోందనుకుందాం, 9,000 రూపాయలు. దూడ పెరిగేకొద్దీ పాలూ పెరగాలి, ఆ లెక్క వదిలేశాం. ఈనిన మొదటి రెండు మూడు నెలలే గేదె నిండుగా పాలిచ్చేది. గేదె కొన్న అప్పుకు కిస్తీ కట్టాల్సిందీ, దాణా కొట్టు బాకీ తీర్చాల్సిందీ అప్పుడే. ఆ 9,000 రూపాయలు దూడ కడుపులో పోయగల ఇల్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో చెప్పండి.

ఒక చన్ను దూడకు వదిలేయడం మన పెద్దల పద్ధతి. అది ఎందుకు పోయింది? రైతుకు దయ తగ్గి కాదు. కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. పిండేటప్పుడు మొదట వచ్చే పాలు పలచన, చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. అందుకే చేపు కోసం దూడను ఒక నిమిషం వదిలి, ఆ పలచని పాలు దానికిచ్చి, చిక్కని పాలు చివరి చుక్కదాకా డబ్బాలోకి పిండుకోవాల్సి వస్తోంది. ధర కట్టే పద్ధతే దూడ నోటి దగ్గర పాలు లాగేస్తోంది. నింద మాత్రం మన మీద.

జున్నుపాల సంగతి ఇంకా ఘోరం. ఆవు, గేదె కడుపులో ఉన్న దూడకు తల్లి రక్తం నుంచి రోగనిరోధక శక్తి అందదు. అది అందేది జున్నుపాలతోనే. పుట్టిన మొదటి గంటల్లో దూడ పేగు ఆ రక్షక పదార్థాలను ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి తీసుకుంటుంది. గంట గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గుతూ, ఒక రోజు దాటేసరికి దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత బిందెడు పట్టినా ఆ మేలు రాదు. పట్నంలో మిఠాయి కొట్టువాడు మామూలు పాలకంటే ఎక్కువ ధర పెట్టి కొంటున్నది సరిగ్గా ఆ పాలనే. జున్ను తినొద్దని మేము అనడం లేదు, మాకూ ఇష్టమే. దూడ కడుపు నిండాక మిగిలింది వండుకుందాం.

ఇక్కడ మన తప్పులూ ఒప్పుకోవాలి. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. మాయ పడడానికి ఆరేడు గంటలు పట్టవచ్చు, ఈలోగా విలువైన సమయం పోతుంది. నిజానికి దూడ కుడిస్తే మాయ పడడానికీ సాయమవుతుంది. పాలెక్కువైతే పారుతుంది, పురుగులు పడతాయి అనే మాట కూడా వింటుంటాం. పురుగుల మాటలో కొంత నిజముంది. ఏలికపాముల పిల్లలు తల్లి పాలగుండానే గేదె దూడలోకి వస్తాయి. దానికి మందు పది రోజుల వయసులో పట్టే పైపరజీన్. పాలు మానడం మందు కాదు. పారుడు పట్టిన దూడకు పాలాపితే అది నీరసించి చస్తుంది. పాలు పడుతూనే, మధ్యమధ్య ఉప్పు పంచదార కలిపిన నీళ్లు విడిగా పట్టాలి. పారుడు ఎక్కువగా వచ్చేది ఆకలి దూడకే. కడుపు నిండని దూడ గోడలు నాకుతుంది, పేడ మట్టి తింటుంది, పక్క దూడ వెంట్రుకలు చప్పరిస్తుంది.

పాలకు బదులు తవుడు, ఎండుగడ్డి వేస్తే సరిపోదా అంటారు కొందరు. పుట్టిన దూడకు పనిచేసేది నాలుగో అర ఒక్కటే. చన్ను చీకుతున్నప్పుడు గొంతు దిగువన ఒక గాడి మూసుకుని పాలను నేరుగా అక్కడికి పంపుతుంది. గడ్డిని అరిగించే పెద్ద అర అప్పటికి ఖాళీ సంచిలాంటిది. రెండో వారం నుంచి మెత్తని దాణా కొద్దికొద్దిగా అలవాటు చేస్తే, అది పులిసి పుట్టే ఆమ్లాల వల్ల ఆ అర గోడకు బుడిపెలు వచ్చి అది పనికొస్తుంది. దానికి వారాలు పడుతుంది. అందాకా పాలే తిండి. నెల దూడకు ఎండుగడ్డి వేస్తే పొట్ట ఉబ్బుతుంది, ఒళ్లు పెరగదు. ఆ ఉబ్బు చూసి బాగా తింటోందని మురిసిపోతాం.

దీని నష్టం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు హోల్‌స్టీన్ దూడలపై చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వాళ్ల సొంత మందలో, పాలు మాన్పేలోపు రోజుకు 100 గ్రాములు ఎక్కువ పెరిగిన దూడ తొలి ఈతలో సుమారు 85 కిలోల పాలు ఎక్కువిచ్చింది. మన గేదెలకు అదే అంకె వర్తిస్తుందని అనం. ఎండిన పెయ్య ఆలస్యంగా ఎదకు వస్తుందని, నాలుగేళ్లు దాటినా ఈనదని మన కొట్టాలే చెబుతున్నాయి. అన్నేళ్లూ మేపు ఖర్చు మనదే.

ఇక దున్నదూడ గతి చెప్పనక్కర్లేదు. అమ్మితే ధర రాదు, పెంచితే గిట్టదు. చచ్చాక దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టడం చూశాం. ఇప్పుడు అదీ లేకుండా ఆక్సిటోసిన్ సూది పొడుస్తున్నారు. పాలకోసం ఆ సూది వేయడం చట్ట ప్రకారం నేరం.

1998 నుంచి పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం మనదేనని ఢిల్లీ నుంచి జిల్లా దాకా గొప్పలు చెప్పుకుంటున్నారు. ఆ లీటర్లలో దూడల వాటా ఎంతో ఎవరూ చెప్పరు. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పాలు లేవు. డెయిరీలు తమ ఇష్టానికి కట్టే ధరలో దూడ తాగే పాలు ఖర్చు కింద లెక్కే కాదు. పట్నానికి చవగ్గా పాలు అందాలంటే సబ్సిడీ ప్రభుత్వం ఇవ్వాలి. ఇప్పుడిస్తున్నది మన కొట్టంలో దూడ.

కాబట్టి మేము కోరుతున్నది పాఠాలు కాదు. పాల సేకరణ ధర కట్టేటప్పుడు మొదటి రెండు నెలల దూడ పాలను ఉత్పత్తి ఖర్చులో కలపాలి. ఈనిన ప్రతి పశువుకూ దూడ పోషణ భత్యం, పెయ్యా దున్నా తేడా లేకుండా, డెయిరీ, ప్రభుత్వం కలిసి ఇవ్వాలి. గ్రామ పశువైద్యశాలలో పైపరజీన్, పారుడు మందులు ఏడాది పొడవునా ఉచితంగా ఉండాలి. పుట్టిన రోజు నుంచే దూడకు బీమా వర్తించాలి.

వచ్చే నెల కలెక్టరేట్ల దగ్గర వినతిపత్రాలు ఇవ్వబోతున్నాం. అందుకు అంకెలు కావాలి. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టి, ఈ ఏడాది మీ ఊళ్లో పుట్టిన దూడలెన్ని, మూడు నెలల లోపు చచ్చినవెన్ని, అందులో దున్నదూడలెన్ని, ఏ జబ్బుతో పోయాయి అని ఇంటింటికీ తిరిగి రాయండి. అడిగేటప్పుడు ఇంట్లో పాలు పిండే మనిషినే అడగండి.