ఏడు వారాల కాలక్షేపం

జూన్‌లో బడులు తెరిచాక కలిసిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటుంది: “సెలవుల్లో పిల్లలచేత ఏం చేయించారు?” గమనించండి, పిల్లలు ఏం చేశారని ఎవరూ అడగరు, మనం ఏం చేయించామనే అడుగుతారు. ఈసారి నేను “ఏమీ లేదండీ, కాలక్షేపం” అన్నాను. ఎదుటి పెద్దమనిషి ముఖంలో జాలి కనబడింది. ఆ జాలికి జవాబుగానే ఈ నాలుగు మాటలు.

కాలక్షేపమనే మాటను మనం ఎందుకింత చులకన చేశామో నాకు అంతుబట్టదు. మా తిరుపతిలో ఈ మాటకు చాలా పరువుంది. వైష్ణవ సంప్రదాయంలో గురువుగారి ఎదుట కూర్చుని ఒక గ్రంథాన్ని వాక్యం వాక్యంగా వినడాన్ని కాలక్షేపమంటారు. హరికథ చెప్పేవారు తమ కళను హరికథా కాలక్షేపమనే చెప్పుకుంటారు. ఒక మంచి విషయం చుట్టూ, నలుగురితో కలిసి పొద్దు గడపడమని ఆ మాటకు అర్థం. పని లేనివాడి వ్యవహారంగా దాన్ని దిగజార్చినది మనమే.

మన రాష్ట్రంలో బడులకు వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24 నుండి జూన్ 11 దాకా ఉంటాయి. లెక్క వేస్తే సరిగ్గా ఏడు వారాలు. నిరుడు అందులో ఐదు వారాలను మేము ఒక శిక్షణ కేంద్రానికి సమర్పించుకున్నాం. అమ్మాయి తొమ్మిదో తరగతి ముగిసిన వారానికే పదో తరగతి పాఠాలు మొదలయ్యాయి. ఉదయం ఎనిమిదింటికి వెళ్ళి, నెత్తిన నిప్పులు కురిసే ఒంటిగంట వేళకు ఇల్లు చేరేది. అవే పాఠాలను జూన్‌లో బడిలో మళ్ళీ మొదటినుండీ చెప్పారు. “ఆ వేసవిలో నీకేం గుర్తుందమ్మా?” అని మొన్న అడిగితే కాసేపు ఆలోచించి, “మంచినీళ్ళ కూలరు దగ్గర లైను” అంది. నాకు మాట రాలేదు. డబ్బు కట్టినవాణ్ణి నేనే గనుక మరొకరిని నిందించే హక్కూ లేదు.

ఈ యేడు ఇంటర్మీడియట్‌కు ముందుగా మరో ‘బ్రిడ్జి కోర్సు’ ఎదురైంది. వద్దన్నాను. ఇంట్లో రెండు రోజులు వాదోపవాదాలు నడిచాయి. చివరకు మా ఆవిడ ఒక షరతు మీద ఒప్పుకుంది. తండ్రీకూతుళ్ళిద్దరూ ఏడు వారాలపాటు మిద్దెమీది కుండీల బాధ్యత తీసుకోవాలి.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. నాకు తోటపని గిట్టదు. పూలను చూసి ఆనందించగలను గాని మట్టిలో చేయి పెట్టమంటే ప్రాణం మీదికి వస్తుంది. తప్పించుకోవడానికి పంచాంగాన్ని కూడా ఆశ్రయించాను. సూర్యుడు భరణి మూడో పాదంలో ప్రవేశించినది మొదలు రోహిణి మొదటి పాదం దాటేవరకు, అంటే సుమారు మే 4 నుండి 28 దాకా, కర్తరి. మావైపు కత్తిరి ఎండలంటారు. ఆ రోజుల్లో మట్టి తవ్వరాదు, చెట్టు నాటరాదు, నరకరాదు అని నియమం. వేరు కదిలిన మొక్క ఆ ఎండకు నిలవదు గనుక అందులో వివేకం లేకపోలేదు. ఈ శాస్త్రమంతా మా అమ్మకు చదివి వినిపించాను. “నీళ్ళు పోయగూడదని యాడుంది నాయనా?” అని ఆమె ఒక్క ప్రశ్న వేసింది. వెదికాను. లేదు.

కాబట్టి రోజూ సాయంత్రం ఆరింటికి రెండు బకెట్లు, ఒక చెంబు. బియ్యం కడిగిన నీళ్ళూ కూరగాయలు కడిగిన నీళ్ళూ పొద్దుటినుండి ఒక తొట్టిలో చేర్చిపెట్టేవాళ్ళం. పాత మట్టికుండ అడుగున సన్నటి చిల్లి పెట్టి, గుడ్డవత్తి దూర్చి, చుక్కచుక్కగా వేళ్ళకు నీరందించే పద్ధతి అమ్మ నేర్పింది. కుండీల పైన కొబ్బరిపీచూ ఎండుటాకులూ పరిచాము. ఇంత చేసినా గులాబీ దక్కలేదు. కరివేపాకు, కనకాంబరం బతికి బట్టకట్టాయి. రెండు మల్లెల్లో ఒకటి విరగబూసింది, రెండోది ఆకులతో సరిపెట్టింది. కారణమడిగితే అమ్మ నవ్వింది. మల్లెను చలికాలంలో, డిసెంబరు జనవరుల్లో కత్తిరించాలట. అప్పుడే వేసవిలో మొగ్గ తొడుగుతుంది. పూసినదాన్ని ఆమె కత్తిరించింది. పూయనిదాన్ని నాకు అప్పగించి ఊరుకుంది. మే నెలలో నేను పోసిన నీళ్ళకు డిసెంబరునాటి నా బద్ధకం లొంగలేదు.

అయినా ఈ ఇష్టంలేని పనివల్ల నాకొక మేలు జరిగింది. ఆ వేళకు మిద్దెమీద ఉండటం తప్పనిసరి అయింది. శేషాచలం కొండలు ఎర్రబడి, నీలపుబడి, చీకట్లో కలిసిపోవడమూ, అలిపిరి దారి దీపాలు కొండవాలున వరుసగా వెలగడమూ పక్కన పిల్లతో కలిసి దాదాపు యాభై సాయంత్రాలు చూశాను. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఇంతకుముందు ఐదు సాయంత్రాలైనా అలా చూశానో లేదో.

అక్కడే మరో సంగతి కూడా తట్టింది. నా చిన్ననాటి వేసవుల గురించి ఎప్పుడూ గొప్పగా చెప్పుకుంటుంటాను. ఆ సెలవులు నాకే గాని మా అమ్మకు కావు. బోరింగు దగ్గర బిందెలు, మిద్దెమీద వడియాలు, ఊరగాయ జాడీలు, సెలవులకు వచ్చిన మేనత్తల పిల్లలకు మూడు పూటలా వంట. నా తీరికకు వెనకనుండి చాకిరీ చేసినది ఆమె. కనుక పిల్లలకు సెలవులు వదిలిపెట్టాలని వాదించే నాలాంటివాళ్ళు ఇంటిపనిలో ఒక భాగాన్ని ముందుగా నెత్తికెత్తుకోవాలి. అలా చేయకుండా చెప్పే కబుర్లలో న్యాయం లేదు.

మధ్యాహ్నాలు పుస్తకాలవి. పదిన్నర దాటితే వీధిలోకి అడుగుపెట్టలేని ఊళ్ళో పుస్తకాన్ని మించిన నీడ ఏముంది? అమ్మాయికి మన జిల్లా రచయితలనే చేతికిచ్చాను. దామలచెరువు బడిపంతులుగారు మధురాంతకం రాజారాం కథలు (1993లో వీటికే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది), కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’, నామిని ‘సినబ్బ కతలు’. తప్పిపోయిన పందికోసం ఒక ముసలివాడు అడవిలో రాత్రంతా పడే పాట్లను ఆమె రెండు మధ్యాహ్నాల్లో చదివేసి, ఆ సాయంత్రం నీళ్ళు పోయడానికి కూడా మౌనంగానే వచ్చింది. నామిని దగ్గర మాత్రం పడీపడీ నవ్వింది. “ఇది అవ్వ మాట్లాడే తెలుగు కదా నాన్నా! దీన్ని అచ్చు కూడా వేస్తారా?” అని అడిగింది. పదేళ్ళు తెలుగు వాచకాలు చదివిన పిల్ల తన ఇంటి భాషకు అచ్చు యోగ్యత ఉందని పదిహేనో యేట, అదీ ఒక సెలవు మధ్యాహ్నం తెలుసుకుంది. ఏ శిక్షణ కేంద్రపు పట్టికలో దీనికి గంట కేటాయిస్తారు?

సినిమాల గురించి ఎక్కువ చెప్పను. మా కాలంలో ప్రతాప్ థియేటరుకు మ్యాట్నీకి వెళ్ళడమంటే సగం బొమ్మకోసం, సగం చల్లదనంకోసం. ఇప్పుడు రెండూ ఇంట్లోనే దొరుకుతున్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’ రెండో భాగాన్ని ఇంట్లో మళ్ళీ చూశాం. అందులో కథానాయకుడు చీర కట్టి ఆడే జాతర ఘట్టం రాగానే, “ఇది మన గంగమ్మ జాతరే!” అని అమ్మాయి కేకవేసింది. ఆ సినిమా తరువాత మా జాతర సంగతి ఊరూరా తెలిసింది, సంతోషమే. కాని తెరమీద అది ఒక్క మహావీరుడి విన్యాసం. మే నెలలో తాతయ్యగుంట దగ్గర నిలబడితే కనిపించేది వేరు. ఒకనాడు ఒళ్ళంతా నామకొమ్ము పూసుకున్న బైరాగులు, మరునాడు కుంకుమ పూసుకున్న బండ వేషాలు, ఆ మరునాడు బొగ్గుపొడి పూసి వేపమండలు చుట్టుకున్న తోటి వేషాలు. ఆ తరువాత దొర, మాతంగి. ఆటో నడిపేవాడూ, అంగడి పెట్టుకున్నవాడూ, ఉద్యోగస్థుడూ, చంటిపిల్లవాడూ మొక్కు ప్రకారం వేషం కడతారు. మగవాడు చీరకట్టి పూలు పెట్టుకుని వీధిలో నడిస్తే ఎవరూ వింతగా చూడరు. అక్కడ చూసేవాడికీ ఆడేవాడికీ మధ్య తెర లేదు. వినోదమంటే టికెట్టు కొని చూసేదని నమ్మిన తరానికి ఈ తేడా ఒక్కసారైనా కంటబడాలి.

ఇక విహారాలు. వేసవిలో దేశమంతా తిరుమలకు వస్తుంది గనుక మేము కొండకు దూరంగా ఉంటాం. 270 అడుగులనుండి దూకే తలకోన జలపాతం మే నెలలో సన్నని ధారగా మారుతుంది. హార్సిలీ కొండల్లో గది దొరకడం కష్టం. అందుకని ఈసారి మా అవ్వగారి ఊరివైపు, పుత్తూరు దారిలో ఒక పల్లెకు భారతం చూడటానికి తీసుకుపోయాను.

ఇతర జిల్లాల మిత్రులకోసం కొంచెం వివరిస్తాను. మాప్రాంతంలో చాలా ఊళ్ళలో ద్రౌపదమ్మ గుడి, అంటే ధర్మరాజుల గుడి ఉంటుంది. పంటపనులు తగ్గిన ఎండాకాలంలో అక్కడ 18 పర్వాలకు సాటిగా 18 రోజులపాటు మహాభారతం జరుపుతారు. పగలు పందిట్లో హరికథ. రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. బకాసుర వధనాడు బండెడన్నం ఊరేగుతుంది. అర్జున తపస్సునాడు వేషధారి ఆకాశాన్నంటే మానును పద్యాలు పాడుతూ ఎక్కి, పైనుండి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. సంతానం కోరే స్త్రీలు కింద కొంగు పట్టి నిలబడతారు. చివరిరోజు ఉదయం మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు, ఇంటిపొడవు విగ్రహం. భీముడు తొడ పగలగొట్టాక ద్రౌపది ఆ ఎర్రనీటితో జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం.

మేము అర్జున తపస్సుకూ దుర్యోధన వధకూ వెళ్ళాం. మధ్యాహ్నం హరికథ వింటున్న ముసలమ్మలకు చాలావరకు అక్షరాలు రావు, కాని కథకుడు ఒక ఉపకథ ఎగరగొడితే వెనకనుండి అందించగలరు. వాళ్ళకు భారతం నేర్పినవి యాభై అరవై వేసవులు. అమ్మాయి రాత్రి రెండింటిదాకా మేలుకుని, చాపమీద నా తువ్వాలు కప్పుకుని నిద్రపోయింది. వధనాడు తిరిగివస్తూ బస్సులో, “చచ్చిపోయేటప్పుడు దుర్యోధనుడి పాట విని అందరూ ఎందుకేడ్చారు?” అని అడిగింది. ఇంటికి చేరేదాకా దానిమీదే మాట్లాడుకున్నాం. ఇప్పటికీ నాకు సరైన జవాబు దొరకలేదు.

“ఇవన్నీ బాగానే ఉన్నాయి గాని పోటీ మాటేమిటి? రేపు ర్యాంకు రాకపోతే ఈ భారతం ఉద్యోగమిస్తుందా?” అని నా సహోద్యోగి నిలదీశాడు. అతని భయం నాకు తెలుసు. అదే భయంతో నిరుడు డబ్బు కట్టాను. చదువువల్లనే మావంటి కుటుంబాలు ఒక మెట్టు ఎక్కాయన్నదీ నిజమే. అయితే పది నెలలు చదివిన పిల్లకు మరో ఐదు వారాల పాఠాలు కలిపితే పెరిగేదెంత, ఆ ఐదు వారాలు తీసేస్తే పోయేదెంత అని తూచి చూడాలి. పాఠాలు జూన్‌లో మళ్ళీ వచ్చాయి, జాతర రాదు. పదిహేనేళ్ళ వయసూ రాదు. పైగా మా అవ్వగారి ఊళ్ళో వీధినాటకానికి కుర్రవాళ్ళు దొరకడం లేదని పెద్దలు వాపోతున్నారు. కుర్రవాళ్ళెక్కడున్నారో మనకు తెలుసు.

ఎండలు ముదిరిన మాటా నిజమే. పిల్లల్ని మధ్యాహ్నం వీధిలో తిరగమని నేననను. ఉదయం, సాయంత్రం, రాత్రి వారివి కావాలంటాను. ఏడు వారాల్లో కనీసం నాలుగు వారాలను ఏ పట్టికా లేకుండా పిల్లలకు వదిలేయండి. దానికి ఇంటిపని ఒకటి, ఇష్టం లేనిదైనా సరే, ముడిపెట్టండి. మీరూ అందులో చేయి కలపండి. ఆపైన వారేం చేస్తారో వారే వెదుక్కుంటారు.

మా అమ్మాయి కళాశాలలో చేరింది. సాయంత్రం ఏడు దాటితేగాని రాదు. నీళ్ళు పోసే పని ఇప్పుడు నా ఒక్కడిదే. ఇష్టం పెరిగిందని అబద్ధం చెప్పలేను. గోడమీది కేలండరులో డిసెంబరు పుట మాత్రం తిప్పి, 25వ తేదీ దగ్గర ‘మల్లె కత్తిరించవలెను’ అని రాసిపెట్టుకున్నాను.