తిరగబెడుతుందనే భయం

వానలు ముదిరి దోమలు పెరిగే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తెలుగునాట జ్వరం లేని వీధి ఉండదు. వాటిలో చాలామటుకు వైరస్ జ్వరాలే. మూడు రోజులకో వారానికో వాటంతటవే తగ్గిపోతాయి. తగ్గనిది పథ్యం. ఒళ్ళు చల్లబడ్డాక కూడా రెండు మూడు వారాలు, కొన్ని ఇళ్ళలో నెల దాకా, కోలుకుంటున్న మనిషికి బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు, సగ్గుబియ్యం జావ, బ్రెడ్డు వంటివి తప్ప మరొకటి పెట్టరు. గుడ్డు వద్దు, నీసు అసలే వద్దు. కందిపప్పు వాతం, పెరుగు జలుబు, వంకాయ దురద. గోంగూర, గుమ్మడికాయ పేరెత్తకూడదు. నూనె చుక్క పడకూడదు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: జ్వరం తిరగబెడుతుంది. పరీక్షించవలసింది ఈ మాటనే. రోగాన్ని బట్టి తిండి మారాలనడంలో తప్పేమీ లేదు, షుగరు ఉన్నవాళ్ళకీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ వైద్యులు చెప్పేది అదే. అయితే నియమానికి ఒక కారణం ఉండాలి, ఆ కారణం ఎదురుగా ఉన్న రోగానికి వర్తించాలి. మన జ్వర పథ్యానికి ఒకప్పుడు కారణం ఉండేది. అది వేరే రోగానిది, వేరే కాలానిది.

ఆ రోగం టైఫాయిడ్. దాని బాక్టీరియా చిన్నపేగు చివరి భాగంలో తిష్ఠ వేసి పుండ్లు పుట్టిస్తుంది. సరైన మందు పడకపోతే మూడో వారం నాటికి ఆ పుండు పేగుకు చిల్లు పెట్టగలదు, మనిషి చనిపోగలడు. టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని 1948లో మలయాలో తేలేదాకా దానికి మందే లేదు. మూడు నాలుగు వారాల జ్వరం, పేగు తెగుతుందన్న భయం, కళ్ళముందు చావులు: ఆ రోజుల్లో గట్టి పదార్థం పెట్టడానికి జంకిన పెద్దల్ని తప్పుపట్టలేం. యూరప్ వైద్యులు కూడా జ్వరపీడితుల్ని పస్తులుంచినవాళ్ళే. 19వ శతాబ్దంలో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ ఆ పద్ధతికి ఎదురు తిరిగి తన రోగులకు తిండి పెట్టించాడు. జ్వరాలకు అన్నం పెట్టినవాడని తన సమాధి మీద రాస్తే చాలన్నాడని చెబుతారు. టైఫాయిడ్‌కు మరో లక్షణం కూడా ఉంది. తగ్గిన రెండు మూడు వారాలకు నూటికి ఐదు నుంచి పదిమందిలో అది నిజంగానే తిరగబెడుతుంది. శరీరంలో మిగిలిపోయిన బాక్టీరియా మళ్ళీ పెరగడమే అందుకు కారణం. సరిగ్గా ఆ సమయానికే రోగికి నోరు రుచి తెలిసి, ఏ కోడికూరో వంకాయ కూరో తిని ఉంటాడు. నేరం కూర మీద పడింది.

ఇప్పటి వైరస్ జ్వరాల్లోకి ఆ పాత పథ్యం రావడానికి ఒక దారి మన ల్యాబుల్లోనే ఉంది. 1896 నాటి విడాల్ పరీక్షను నేటికీ ప్రతి జ్వరానికీ చేయిస్తున్నారు. టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగాడే మన ప్రాంతాల్లో గతంలో సోకిన ఇన్ఫెక్షన్ వల్లా, వేసుకున్న టీకా వల్లా, మరో జ్వరం వల్లా కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. ఒక్కసారి చేసిన విడాల్‌తో టైఫాయిడ్‌ను తేల్చలేం. తేల్చాలంటే రక్తాన్ని కల్చర్‌కు పంపాలి. అయినా మామూలు వైరస్ జ్వరంతో వచ్చినవాడికి ‘కొంచెం టైఫాయిడ్ ఛాయలున్నాయి’ అని చెప్పి పంపుతారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో నెల రోజుల పథ్యం మొదలవుతుంది.

వైరస్ జ్వరాల్లోనూ తిరగబెట్టినట్టు కనిపించే సందర్భాలు లేకపోలేదు. నమ్మకం నిలబడింది వాటి ఆసరాతోనే కాబట్టి కాస్త ఆగి చూడాలి. డెంగ్యూలో కొందరికి నాలుగైదు రోజుల జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు ఒళ్ళు చల్లగా ఉండి, మళ్ళీ కాస్తుంది. అది ఆ జబ్బు నడక. జావ తాగినవాడికీ అలాగే కాస్తుంది, బిరియానీ తిన్నవాడికీ అలాగే కాస్తుంది. చికున్‌గున్యాలో జ్వరం పోయినా కీళ్ళనొప్పులు నెలల తరబడి వస్తూ పోతూ ఉంటాయి. అలాంటి నొప్పికి కారణం వెతకాలనుకుంటే క్రితం రోజు తిన్న కూర ఏదో ఒకటి దొరక్కపోదు. వైవాక్స్ మలేరియాలో, అది వైరస్ కాకపోయినా, క్రిమి కాలేయంలో నిద్రాణంగా ఉండి వారాల తర్వాతో నెలల తర్వాతో మళ్ళీ లేస్తుంది. అందుకే రెండు వారాల ప్రైమాక్విన్ ఇస్తారు. ఇన్ని రోగాలు, ఇన్ని వేర్వేరు కారణాలు, ఇంట్లో మాత్రం అన్నింటికీ ఒకే తీర్పు. పైగా ఈ తీర్పులో లెక్క ఒకవైపే నడుస్తుంది. గుడ్డు తిన్నాక జ్వరం వచ్చినవాడు పదేళ్ళు గుర్తుంటాడు. గుడ్డు తిని హాయిగా కోలుకున్నవాడి గురించి ఎవరూ చెప్పుకోరు. పథ్యం పాటించినా జ్వరం తిరగబెట్టిన వాడినేమో ‘ఎక్కడో తప్పాడు’ అంటారు. ఏం జరిగినా తానే నిజమయ్యే సూత్రాన్ని అనుభవం అనలేం. గుడ్డు తిన్నవాళ్ళనీ తిననివాళ్ళనీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఎక్కువగా తిరగబెట్టిందో చూస్తేనే అది అనుభవం.

జ్వరంలో శరీరానికి నిజంగా జరిగేది ఈ నమ్మకానికి సరిగ్గా వ్యతిరేకం. ఒంటి వేడి ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే శక్తి ఖర్చు సుమారు 13 శాతం పెరుగుతుందని అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ డుబోయ్ వందేళ్ళ కిందటే కొలిచి చూపించాడు. తిండి లోపలికి వెళ్ళకపోతే ఆ ఖర్చులో కొంత కండ కరిగించి తీర్చుకుంటుంది శరీరం. జ్వరం తర్వాత కాళ్ళు తేలిపోవడం, మెట్లెక్కితే ఆయాసం రావడంలో రోగం పాలే కాదు, ఈ పస్తుల పాలూ ఉంది. ఒక రోజు పథ్యాన్ని లెక్కవేసి చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి లెక్కన 55 కిలోల స్త్రీకి ఆరోగ్యంగా ఉన్నప్పుడే రోజుకు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పొద్దున రెండు ఇడ్లీలు నాలుగు గ్రాములు. మధ్యాహ్నం కప్పు అన్నం, బీరకాయ కూర ఏడు. సాయంత్రం రెండు బ్రెడ్డు ముక్కలు, గ్లాసు పాలు కలిసి పది. రాత్రి రవ్వ జావ మూడు. అంతా కలిపితే పాతిక గ్రాములు దాటదు. పాలు కూడా వద్దన్న ఇంట్లో అదీ లేదు. సగ్గుబియ్యంలో దాదాపు అంతా పిండిపదార్థమే, మాంసకృత్తులు లేవనే చెప్పాలి. రెండు ఉడికించిన గుడ్లు 12 గ్రాములు, కప్పు పప్పు ఆరేడు, కప్పు పెరుగు నాలుగైదు గ్రాములు ఇస్తాయి. లోటు పూడ్చగల పదార్థాలేవో, వద్దన్న పదార్థాలూ అవే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. జ్వరం వస్తే ఆకలి చచ్చిపోతుంది, జబ్బుపడిన కుక్క కూడా తిండి ముట్టదు, శరీరమే తిండి వద్దంటుంటే బలవంతంగా పెట్టడం ఎందుకు? లంఖణం పరమౌషధం అనలేదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. 2016లో యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలుకల మీద దీన్నే పరీక్షించారు. ఒక రకం బాక్టీరియా సోకిన ఎలుకలకు బలవంతంగా తిండి పెడితే ఎక్కువ చనిపోయాయి. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకిన ఎలుకల్లో మాత్రం తిండి పెట్టినవే ఎక్కువ బతికాయి. ఎలుకల ఫలితాన్ని మనుషులకు యథాతథంగా అంటగట్టలేం. కానీ అన్ని జ్వరాలకూ ఉపవాసమే మందన్న మాట నిలవదని చెప్పడానికి అది చాలు. జ్వరం కాస్తున్న ఒకటి రెండు రోజులు ఆకలి లేకపోతే, నీళ్ళూ మజ్జిగా గంజీ కడుపులోకి వెళ్తున్నంత వరకు, పెద్దవాళ్ళకు ముంచుకొచ్చే ప్రమాదం లేదు. నేను మాట్లాడుతున్నది ఆకలి తిరిగొచ్చిన తర్వాతి రోజుల గురించి. ‘పప్పన్నం తినాలనుంది’ అంటున్న మనిషికి శరీరం పేరు చెప్పి పప్పు ఆపడానికి వీల్లేదు, శరీరమే అడుగుతోంది కదా.

శాస్త్రం అలా చెప్పిందనేవారు ఆ శాస్త్రాన్నీ పూర్తిగా చదవాలి. చరక సంహిత జ్వర చికిత్సలో లంఘనం మొదటి దశకు చెప్పినదే, అదీ రోగి బలం దెబ్బతినకుండా చేయాలన్న షరతుతో. ఆ తర్వాత జావలు, జావల తర్వాత పెసరకట్టు వంటివి, పడేవారికి అడవి జంతువుల మాంసరసం కూడా చెప్పింది. వాత పిత్త కఫాల సిద్ధాంతాన్ని నేను అంగీకరించను. కానీ రెండువేల ఏళ్ళ నాటి వైద్యుడు కోలుకునేవాడికి మాంసరసం పెట్టమంటే, ఆ సంప్రదాయం పేరుతోనే ఇవాళ గుడ్డు కూడా ఆపుతున్నాం. ఇక జీర్ణశక్తి తగ్గుతుందన్న మాటలో కొంత నిజముంది. వికారం ఉన్నప్పుడు వేపుళ్ళు, నూనె ఓడే కూరలు సహించవు. విరేచనాలైన తర్వాత కొన్నాళ్ళు పాలు పడకపోవచ్చు. అలాంటప్పుడు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి, మెత్తగా వండాలి. మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, పెరుగన్నం కంటే తేలిక తిండి ఏముంది? పెరుగు జలుబు చేస్తుందన్న మాట మాత్రం అసలు నిలబడదు. జలుబు వైరస్ మనిషి నుంచి మనిషికి వచ్చేది, పెరుగులోంచి వచ్చేది కాదు.

కారణమున్న పథ్యం ఎలా ఉంటుందో చూడాలంటే డెంగ్యూ దగ్గరికి రావాలి. ఆ జబ్బులో జ్వరం తగ్గుతున్న రోజులే గండం. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి రక్తపోటు పడిపోతుంది. అందుకే ఓఆర్‌ఎస్, గంజి, పాలు, పళ్ళరసాలు తాగించమని, ఉత్త నీళ్ళ మీదే ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వద్దంటుంది, రక్తస్రావం పెరుగుతుంది కాబట్టి. శ్రీలంక మార్గదర్శకాలు ఎర్రటి, ముదురు గోధుమరంగు పానీయాలు కూడా వద్దంటాయి. వాంతిలో ఆ రంగు కనిపిస్తే రక్తమో కాదో తెలియదు కాబట్టి. ఇదీ నిషేధమే, కానీ ప్రతి నిషేధం పక్కనా దాని కారణం ఉంది, ఆ ముప్పు దాటగానే నిషేధమూ పోతుంది. మన ఇళ్ళలో మాత్రం ఆ గండం రోజుల్లో బొప్పాయి ఆకు రసం కోసం పరుగెడతారు. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు ఆరేడు రోజుల దాకా పడిపోయి, ఆ తర్వాత వాటంతటవే పెరుగుతాయి. బాగా పడిపోయాయని రిపోర్టు వచ్చాకే ఆకు రసం మొదలుపెడతారు కాబట్టి ఆ పెరుగుదల ఘనత ఆకుకు దక్కుతుంది. ఈలోగా చేదు రసానికి వాంతులై ఒంట్లో నీరు పోతే నష్టం రోగికే. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే వెళ్ళవలసింది ఆసుపత్రికి.

ఈ నమ్మకం అన్నిటికంటే క్రూరంగా మారేది తట్టు సోకిన పిల్లల దగ్గర. అమ్మవారు పోసిందని తాలింపు వాసన తగలనివ్వరు, గుడ్డు, మాంసం, నూనె ఆపేస్తారు. తట్టు శరీరంలోని విటమిన్ ఎ నిల్వల్ని ఖాళీ చేస్తుంది. అసలే లోపమున్న బిడ్డకు నల్లగుడ్డు పాడై చూపు శాశ్వతంగా పోవచ్చు. అందుకే తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ వరసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలని, ఏడాది దాటినవారికి ఒక్కో మోతాదు రెండు లక్షల యూనిట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. ఆ విటమిన్ గుడ్డులో ఉంది, ఆకుకూరల్లో దానికి మూలపదార్థం ఉంది, ఒంటబట్టడానికి కాస్త నూనె కావాలి. గుడ్డునీ నూనెనీ ఆపి వేపమండ చేతికిస్తున్నాం.

పథ్యం భారం అందరి మీదా సమానంగా పడదు. సంపాదించే మగవాడు పనిలోకి వెళ్ళాలని వారానికే మామూలు తిండికి వస్తాడు. నెల పథ్యం ఆడవాళ్ళకీ పిల్లలకీ మిగులుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15-49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అలాంటి ఒంటి మీద ఏటా ఒక జ్వరం, ఆ జ్వరం మీద ఒక నెల పథ్యం పడుతున్నాయి. ఇందులో వైద్యుల బాధ్యత తక్కువేమీ కాదు. ‘ఏం పెట్టమంటారు?’ అని రోగి తరఫువాళ్ళు అడిగితే ‘లైట్‌గా పెట్టండి’ అని ఊరుకుంటారు. ఆ మాటకు ఇంట్లో అర్థం జావ, బ్రెడ్డు. మందుల పేర్ల కిందే చీటీ మీద తెలుగులో, ఆకలి వేసిన రోజు నుంచి పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర పెట్టండని ఒక్క వాక్యం రాయడానికి అర నిమిషం పట్టదు. డాక్టరు చేతిరాతతో ఆ చీటీ ఉంటే కోడలు దాన్ని అత్తగారికి చూపించగలదు.