ఏ పాపం చేసిందని అజైల్‌కు ఈ శిక్ష?

మాదాపూర్‌లో ఏ ఐటీ కంపెనీలోకి అడుగుపెట్టినా సాఫ్ట్‌వేర్ తయారుచేసే అజైల్ పద్ధతి మాట వినకుండా బయటికి రాలేం. గోడల నిండా రంగురంగుల చీటీలు, తెర మీద జిరా బోర్డు, రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా క్లయింటుతో స్టాండప్ కాల్. ఉద్యోగ ప్రకటనల్లో అజైల్, రెజ్యూమేల్లో అజైల్, అమీర్‌పేటలో స్క్రమ్ మాస్టర్ కోర్సుల బోర్డులు. ఇంత వైభోగం వెలగబెడుతున్నదాన్ని పట్టుకుని ‘శిక్ష’ అంటాడేమిటి ఈ మనిషి అనుకోకండి. నా బాధే అది. ఇన్ని లక్షల నోళ్లలో నానుతూ కూడా ఇంత అనామకంగా పడి ఉన్నది మా వృత్తిలో ఇంకొకటి లేదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా కొండల్లో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిశారు. కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్, మార్టిన్ ఫౌలర్, రాన్ జెఫ్రీస్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ వంటి వాళ్లు. ఏళ్ల తరబడి ప్రాజెక్టుల్లో మునిగి తేలినవాళ్లు. వాళ్లలో వాళ్లకు సవాలక్ష తగాదాలున్నా నాలుగు విలువల మీద ఒక్క మాటకొచ్చి దానికి అజైల్ అని పేరు పెట్టారు, తర్వాత వాటికి పన్నెండు సూత్రాలు జోడించారు. మనుషుల్ని నమ్మండి. నడిచే సాఫ్ట్‌వేర్‌నే కొలబద్దగా పెట్టుకోండి. కాంట్రాక్టు కాగితం పట్టుకుని వాదులాడే బదులు వాడేవాళ్లతో కలిసి కూర్చోండి. పరిస్థితి మారితే మీరూ మారండి. వీటన్నిటి అడుగున ఉన్నది ఒకటే: పని ఎలా చేయాలో పనిచేసేవాడికి వదిలెయ్యాలి. ఎంత సూటిగా ఉంది! ఎంత ధైర్యం కావాలి ఆ మాట అనడానికి!

అంతకుముందు రాజ్యమేలిన వాటర్‌ఫాల్ పద్ధతి కథ తెలిసిందే. ముందు మొత్తం రాసుకో, తర్వాత మొత్తం డిజైన్ చెయ్యి, తర్వాత మొత్తం కట్టు, చిట్టచివర పరీక్షించుకో. 1970లో విన్‌స్టన్ రాయిస్ తన వ్యాసంలో అలాంటి మెట్ల బొమ్మ ఒకటి గీసి, దాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే దెబ్బతింటారని ఆ పక్కనే హెచ్చరించారు. పరిశ్రమ బొమ్మను తీసుకుంది, హెచ్చరికను వదిలేసింది. బొమ్మ చూసి రాత చదవని ఈ జబ్బు మనకు కొత్త కాదన్నమాట.

అజైల్ నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు ఎఫ్‌బీఐ కథ చెప్పాలి. కేసు ఫైళ్లను కాగితాల నుంచి కంప్యూటర్లోకి మార్చాలని ఆ సంస్థ చేసిన మొదటి ప్రయత్నం సుమారు 17 కోట్ల డాలర్లు మింగి 2005లో మూలపడింది. రెండో ప్రయత్నానికి సెంటినెల్ అని పేరు పెట్టి లాక్‌హీడ్ మార్టిన్‌కు కాంట్రాక్టు ఇచ్చారు. దశలు, పత్రాలు, సంతకాలు, అన్నీ పద్ధతి ప్రకారమే. 2010 నాటికి 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో 40.5 కోట్లు ఖర్చయ్యాయి, నాలుగు దశల్లో చేతికొచ్చినవి రెండు. మిగిలింది పూర్తి కావాలంటే మరో ఆరేళ్లు, ఇంకో 35.1 కోట్లు కావాలని బయటి నిపుణులు లెక్కగట్టారు. అప్పుడు ఎఫ్‌బీఐ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. కాంట్రాక్టు సిబ్బందిని సుమారు 220 నుంచి 40కి తగ్గించింది. పనిని రెండేసి వారాల విడతలుగా, అంటే స్ప్రింట్లుగా, పెట్టుకుంది. ప్రతి స్ప్రింటు చివరా నడిచే సాఫ్ట్‌వేర్ చూపించాలి, స్లైడ్లు కాదు. 2012 జులైలో సెంటినెల్ వాడుకలోకి వచ్చింది. మొదట చెప్పిన గడువు దాటింది, కాదనను. కానీ ఆరేళ్లు పడుతుందన్న పనిని రెండేళ్లలోపు, అదే బడ్జెట్‌లో, మునుపటి కాంట్రాక్టు సిబ్బందిలో సుమారు ఐదో వంతు మందితో చేసి చూపించారు. ఇది ఏ బడిలో పాఠంగా చెబుతున్నారు? మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎంతమంది విన్నారు?

ఇక అజైల్ కన్నతల్లి సంగతి మరీ ఘోరం. 1990ల రెండో సగంలో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కెంట్ బెక్ బృందం కొన్ని అలవాట్లను పదును పెట్టింది. కోడ్ కంటే ముందు పరీక్షలు రాయడం. ఇద్దరు ఒకే కీబోర్డు ముందు కూర్చోవడం. రాసింది రాసినట్టు రోజుకు పలుమార్లు కలిపి చూసుకోవడం. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరికి కావాలో వాళ్లే టీము పక్కన కూర్చోవడం. ఇదే ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్. ఆ ప్రాజెక్టును 2000లో ఆపేశారు, విమర్శకులు ఇప్పటికీ దాన్నే ఎత్తిపొడుస్తారు. ఆపేయకముందు అది సుమారు పదివేల మందికి జీతాలు లెక్కగట్టిన సంగతి మాత్రం ఎత్తరు. 1999లో బెక్ రాసిన పుస్తకంలో ఉన్న పన్నెండు అలవాట్లలో ఒకటి ఏమిటో తెలుసా? వారానికి 40 గంటల పని! అలసిపోయినవాడు మంచి కోడ్ రాయలేడని వాళ్లు దాన్ని ఒక నియమంగానే పెట్టుకున్నారు. పగలు ఆఫ్‌షోర్ పని, రాత్రి ఆన్‌సైట్ కాల్ మోస్తున్న గచ్చిబౌలి కుర్రాడికి ఈ ముక్క చెబితే నవ్వుతాడు.

కంపెనీలు ఏం చేశాయి? మీటింగులు ఉంచుకుని పనితనాన్ని పారేశాయి. కోడ్ నాణ్యతను వదిలేసి స్ప్రింట్లు, మీటింగులతో సాగే స్క్రమ్ అనే అజైల్ పద్ధతిని ఉత్తగా నడిపితే కొన్నాళ్లకే ప్రాజెక్టు చతికిలబడుతుందని ఫౌలర్ 2009లోనే రాశారు. ఎవరు విన్నారు? మీటింగు పెట్టడానికి ఖర్చు లేదు కదా. పరీక్షలు రాయడానికి, పాత కోడ్ సరిచేయడానికి టైము ఇవ్వాలి, మనుషుల్ని తయారుచేయాలి. గర్భగుడికి తాళం వేసి ఉత్సవ విగ్రహాన్ని మాత్రం రోజూ ఊరేగిస్తున్నారు.

ఆ ఊరేగింపు కూడా సవ్యంగా లేదు. స్టాండప్ అంటే టీమువాళ్లు పావుగంటలో తమలో తాము ఆ రోజు పని సర్దుకునే చోటు. ఇప్పుడది హాజరు పట్టీ. మేనేజర్ పేరు పిలుస్తాడు, ఒక్కొక్కరూ నిన్న ఏం పొడిచారో అప్పజెప్పాలి. రెట్రో అంటే ఎక్కడ తప్పు జరిగిందో భయం లేకుండా మాట్లాడుకునే గంట. అప్రైజల్ రాసే మనిషి ఎదురుగా కూర్చుంటే ఎవరు నోరు విప్పుతారు? అందుకే ప్రతి రెట్రోలో అవే రెండు ముక్కలు: కమ్యూనికేషన్ మెరుగుపడాలి, డాక్యుమెంటేషన్ మెరుగుపడాలి.

పని బరువును అంచనా వేసే స్టోరీ పాయింట్ల గతి చూస్తే కడుపు మండుతుంది. అవి ఎందుకు పుట్టాయంటే, పనికి ఇన్ని రోజులు అని చెబితే పైవాళ్లు ఆ రోజుల్ని పట్టుకుని పీడిస్తున్నారని. ఆ పీడ తప్పించడానికి పుట్టిన అంకెలనే ఇప్పుడు ఎక్సెల్‌లో పెట్టి ఈ టీము 40, ఆ టీము 55 అని పోలుస్తున్నారు. వచ్చే క్వార్టర్‌కు వెలాసిటీ, అంటే ఒక్కో స్ప్రింటులో పూర్తయ్యే పాయింట్లు, ఇరవై శాతం పెంచమంటున్నారు. పెంచమంటే ఎంతసేపు? మూడు పాయింట్ల పనిని ఐదు అంటే సరి! స్టోరీ పాయింట్లు కనిపెట్టింది బహుశా తానేనని, అదే నిజమైతే మన్నించమని జెఫ్రీస్ 2019లో రాసుకున్నారు. కన్నవాడి చేత క్షమాపణ చెప్పించిన ఘనత మనది.

అన్నిటికంటే పెద్ద మోసం కాంట్రాక్టులో ఉంది. ధర ఖాయం, తేదీ ఖాయం, ఏమేం చేయాలో జాబితా ఖాయం. అయినా ప్రాజెక్టు అజైల్! మూడు వైపులా గోడలు కట్టేసి, నాలుగో వైపు టీమును నిలబెట్టి, స్వేచ్ఛగా కదలండి అంటే ఎటు కదులుతారు? స్ప్రింటులో ఎంత అవుతుందన్నది అంచనాయేనని 2011 నుంచీ స్క్రమ్ గైడే చెబుతోంది. మనవాళ్ల దగ్గర అది వీలునామా. శుక్రవారానికి అవలేదంటే శని, ఆదివారాలు ఉన్నాయిగా!

ఇంత చేసి, ఇప్పుడు అజైల్ విఫలమైందంటున్నారు. బ్రిటన్ ప్రభుత్వం యూనివర్సల్ క్రెడిట్ అనే సంక్షేమ పథకం సాఫ్ట్‌వేర్‌కు అజైల్ అని చాటింపు వేసి, అంత పెద్ద పనిలో ఆ అలవాటు లేని శాఖ నెత్తిన పెట్టింది. 2013లో ఆడిటర్లు చూసేసరికి 3.4 కోట్ల పౌండ్ల ఐటీ పని రద్దు పద్దులోకి పోయింది. నింద ఎవరి మీద పడింది? 2023 జనవరిలో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు 1,100కు పైగా అజైల్ ఉద్యోగాలను ఎత్తేసినప్పుడు, అజైల్ పనైపోయిందని ఎంతమంది చంకలు గుద్దుకున్నారు! రెండు రోజుల తరగతి, ఒక సర్టిఫికెట్, ఆ మీద ఒక హోదా. ఈ సంతను పెంచి పోషించింది ఎవరు? స్నోబర్డ్‌లో కలిసిన 17 మందిలో ఒకరైన డేవ్ థామస్ 2014లోనే ఆ పేరును అమ్మకపు సరుకు చేశారని మొత్తుకున్నారు. పైనుంచి రుద్దే ఆ బూటకపు పద్ధతులను వదిలెయ్యండని 2018లో జెఫ్రీస్ ప్రోగ్రామర్లకు చెప్పారు. కన్నవాళ్లు గుండెలు బాదుకుంటుంటే వినపడని చెవులు, క్వార్టర్ లెక్కలకు మాత్రం నిక్కబొడుచుకుంటాయి.

అయ్యా డెలివరీ హెడ్డులూ, అమ్మా వైస్ ప్రెసిడెంట్లూ, మీకు కొత్త ఫ్రేమ్‌వర్కు అక్కర్లేదు, కన్సల్టెంట్లను పిలవకండి. వెలాసిటీని అప్రైజల్ ఫారం నుంచి తీసెయ్యండి. రెట్రో నుంచి మీరు బయటికి రండి. పరీక్షలు రాయడానికి పట్టే రోజుల్ని క్లయింటుకిచ్చే అంచనాలో దాచకుండా రాయండి. వచ్చే సోమవారం ప్లానింగ్‌లో ఎంత పని తీసుకోవాలో టీమునే చెప్పనివ్వండి. వాళ్లు చెప్పే అంకె మీకు రుచించదు, తెలుసు. దాన్ని ముట్టుకోకండి. ఆ అంకె క్లయింటుకు చెప్పడానికి ఫోనెత్తాల్సింది మీరు.