బల్ల పెద్దదా, ఆట పెద్దదా?

బిలియర్డ్స్, స్నూకర్ వంటి ఆటలకు కొత్తరకం బల్లలు పెట్టవచ్చునా, కూడదా అని ఒక తగవున్నది. చిన్నబల్లలు రావాలని కొందరు; పన్నెండడుగుల బల్లకు అంగుళం తగ్గినా ఆట మైలపడుతుందని మరికొందరు. మన ఇళ్ళల్లో ఆ బల్లే లేదు గదా, మనకెందుకీ గొడవ అంటారేమో! లేకపోవడమే అసలు గొడవ.

ముందు సంప్రదాయం సంగతి చూద్దాం. తాతలనాటి బల్ల అంటారు. ఏ తాతనాటిది? రెండువందల ఏళ్ళ క్రితం బల్ల పైభాగం చెక్కతోనే ఉండేది. చెమ్మ తగిలితే చెక్క వంగేది. బంతి తన దారిన తాను పోయేది. 1826 ప్రాంతంలో లండనులో బల్లలు చేసే జాన్ థర్‌స్టన్ చెక్క తీసి పలకరాయి పరిచాడు. మనం ఓనమాలు దిద్దిన పలకరాయే! అప్పటికిగాని బల్ల నిజంగా బల్లపరుపు కాలేదు. 1835లో అంచులకు రబ్బరు వచ్చింది. చలికి అది బిగుసుకుపోయేది. గంధకం కలిపి కాచిన రబ్బరు 1845లో వచ్చాక ఆ చిక్కూ తీరింది. ఈ మార్పులేవీ ఆటను చెడగొట్టలేదు సరిగదా, అదృష్టం పాలు తగ్గించి నేర్పు పాలు పెంచాయి.

అలాగని ప్రతి మార్పూ మంచిదేనా? కాదు. పాకెట్ల నోళ్ళు వెడల్పుచేసి అందరినీ గెలిపించడమంటే, ప్రశ్నలు ముందే చెప్పి పరీక్ష పెట్టడమే. పెద్దబల్లమీద ఈ కొసన వెంట్రుకవాసి తేడా ఆ కొసకు చేరేసరికి పెద్ద తప్పవుతుంది. ఆ కష్టమే ఆటకు ప్రాణం. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ బిరుదు గెలిచింది ఆ బల్లమీదనే. పెద్ద పోటీలకు అది ఉండవలసిందే.

కాని దాన్ని వేసుకునేదెక్కడ? పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. చుట్టూ నిలబడి కర్ర ఆడించాలంటే గది సుమారు 22 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉండాలి. అంత గది దొరికితే మనవాళ్ళు అందులో ఒక కాపురమే పెట్టేస్తారు! బరువు చూస్తే టన్నుకు పైమాట. అందువల్ల ఈ ఆట చాలాకాలం క్లబ్బు గుమ్మం దాటలేదు. తండ్రికి క్లబ్బులో సభ్యత్వం లేకపోతే కొడుకు చేతిలో ఎంత నేర్పున్నదీ ఎవరికీ తెలియదు. ఆ కొడుక్కే తెలియదు.

క్యారమ్స్ చూడండి. పోటీల బోర్డు 29 అంగుళాలు. అయినా మన పిల్లలు వేసవి సెలవుల్లో అంతకన్నా చిన్నబోర్డుమీద చేయి తిప్పుకోవడం లేదా? అందువల్ల పెద్దబోర్డుకు వచ్చిన అవమానమేమిటి?

చైనాలో తొమ్మిదడుగుల బల్లకు స్నూకర్ తరహా పాకెట్లు అమర్చి ఆడే ఆట ఊరూరా వ్యాపించింది. అక్కడ పెద్దబల్ల మూలపడిందా? లేదు. 2025లో ఝావో షిన్‌టాంగ్ ప్రపంచ స్నూకర్ బిరుదు గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి చైనా ఆటగాడైనాడు.

టేబుల్ టెన్నిస్ బల్ల పొడవు తొమ్మిదడుగులే. దానికి చోటిచ్చిన కాలేజీలు, పాఠశాలలు తొమ్మిదడుగుల బిలియర్డ్స్ బల్లకూ చోటివ్వగలవు. పెద్దబల్లకు పెద్దపీట వేద్దాం, కాదనను. కాని చిన్నబల్లను గుమ్మంలోనే ఆపేస్తే, ఆ పెద్దపీటమీద రేపు కూర్చునేదెవరు?