తీగ మీది మాట, తెర మీది ముఖం

గత షవ్వాల్ మాసంలో రాజోలు ప్రాంతం నుండి ఒక పెద్దాయన మా మదరసాకు వచ్చారు. కుమార్తె నికాహ్ నిశ్చయమైంది. వరుడు కువైట్‌లో ఉన్నాడు, యజమాని సెలవు ఇవ్వలేదు. "హజ్రత్, అబ్బాయి వీడియో కాల్‌లో కనిపిస్తాడు. మీరు అడగండి, తను ఖుబూల్ అంటాడు. అందరం కళ్లారా చూస్తూనే ఉంటాం కదా, ఇంకేం కావాలి?" అన్నారు. జవాబు చెప్పే ముందు ఆయనను కూర్చోబెట్టి టీ తెప్పించాము. ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ల క్రితం మా ఉస్తాదు గారి వద్దకు ఇదే ప్రశ్న వచ్చినప్పుడు మేము ప్రక్కనే ఉన్నాము. అప్పటికి తెర లేదు, బూతులోని రిసీవరు మాత్రమే ఉండేది.

ఆ బూతుల సంగతి ఈనాటి పిల్లలకు చెబితే కథలా వింటారు. అంతకు ముందు ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. మన దేశంలో ఎస్టీడీ 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైనా, మన లంక గ్రామాల వరకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1984లో ఏర్పడిన సీడాట్ సంస్థ, ఏసీ గది లేకుండానే పల్లెటూరి ఎండను తట్టుకొనే చిన్న ఎక్స్ఛేంజీలను రూపొందించిన తరువాతే పసుపు పచ్చని బోర్డులు వీధి వీధినా వెలిశాయి. రాత్రివేళ చార్జీ తగ్గేది కనుక ఇషా నమాజు ముగియగానే బూతు ముందు వరుస కట్టేవారు. లోపల మాట్లాడే మనిషి కళ్లు గోడ మీద పరుగెత్తే ఎర్రని అంకెల మీదే ఉండేవి.

సొంత ఫోను లేని ఇంటికి పొరుగింటి నంబరే ఆధారం. శుభలేఖల మీద సైతం నంబరు ప్రక్కన పి.పి. అని అచ్చు వేయించేవారు. "కువైట్ నుండి ఫోను!" అని ఒక పిల్లవాడు కేకవేస్తే, తల్లి చేతిలో పని వదిలి కొంగు సవరించుకుంటూ పరుగెత్తేది. మూడు నిమిషాలలో సలాము, క్షేమం, డ్రాఫ్టు అందిన సంగతి. మిగిలిన మాటలన్నీ క్యాసెట్టులో రికార్డు చేసి, సెలవుకు వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. మా అన్నగారు పంపిన అటువంటి క్యాసెట్టు ఒకటి నేటికీ మా బీరువాలో ఉంది. దానిని వినిపించే యంత్రం మాత్రం ఇంట్లో లేదు.

ఆ తీగ తెగితే ఏమవుతుందో మన ప్రాంతం రెండుసార్లు చవిచూసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాక అక్కడి నుండి మన ఇళ్లకు మాట రాలేదు. అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాలు లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను తరలించేదాకా ఎవరు బ్రతికి ఉన్నారో తెలియని ఇళ్లు ఎన్నో. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను చుట్టుముట్టినప్పుడు ఆ ఆందోళన తిరగబడింది. స్తంభాలు కూలాయి, గల్ఫ్‌లో ఉన్నవారు ఇక్కడి వారి కోసం విలపించారు.

పాత పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకున్నంత సేపూ వారి కోసం ఒక దారి ప్రత్యేకంగా కేటాయింపబడి ఉండేది. అందుకే దూరానికీ నిమిషానికీ వెల. ఇంటర్నెట్ కాల్‌లో మన మాట చిన్న చిన్న ముక్కలై, వేలమంది ముక్కలతో కలిసి ప్రయాణించి అవతల తిరిగి కూర్చబడుతుంది. కువైట్ అయినా కొత్తపేట అయినా ఖర్చు డేటాకే. 2002 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దీనిని అనుమతించినా, సామాన్యుని చేతికి వచ్చింది మాత్రం 2016లో డేటా చౌక అయ్యాకే. ఈనాడు వాట్సాప్ లేని గల్ఫ్ కుటుంబం మన జిల్లాలలో కనిపించదు.

అయినా ఇళ్లలో పనిచేసే మన సోదరీమణులలో కొందరికి పగలు ఫోను చేతికివ్వరు. అక్కడ రాత్రి పది గంటలకు పని ముగిస్తే ఇక్కడ పన్నెండున్నర. నిద్రపోతున్న బిడ్డ ముఖాన్ని తెర మీద చూసి ఫోను పెట్టేసే తల్లుల గురించి మా విద్యార్థులే మాకు చెబుతుంటారు.

ఇక పెద్దాయన ప్రశ్నకు వద్దాం. నికాహ్‌లో ప్రతిపాదన, అంగీకారం ఒకే సభలో జరగాలి, రెండింటినీ సాక్షులు వినాలి. 1990 మార్చిలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ, ఫోను వంటి సాధనాల ద్వారా జరిగే ఒప్పందాలను అంగీకరిస్తూనే, సాక్షుల షరతు దృష్ట్యా నికాహ్‌ను వాటి నుండి మినహాయించింది. భిన్నంగా ఆలోచించే ఉలమా లేకపోలేదు. నాడు గొంతును అనుకరించవచ్చునని సందేహించారు, నేడు ముఖాన్ని కూడా సృష్టించే యంత్రాలు వచ్చాయి కనుక మేము జాగ్రత్త వైపే మొగ్గుతాము. అలాగని సెలవు దొరికేదాకా ఆ అమ్మాయిని నిరీక్షింపజేయనక్కరలేదు. వకీలు ఉన్నాడు. ఉమ్మె హబీబా (రజి) గారి నికాహ్ దైవప్రవక్త (స) వారితో జరిగినప్పుడు వారు మదీనాలో, ఆమె హబషాలో ఉన్నారు. ఆ సభను రాజు నజాషీ నిర్వహించారు. వరుడు ఫోనులో ఒకరిని వకీలుగా నియమించవచ్చు. సభలో ఖుబూల్ పలికేది ఆ వకీలే.

పెద్దాయన కొంత నిరాశపడ్డారు. "మరి ఫోను ఎందుకు హజ్రత్?" అన్నారు. "చూడనివ్వండి, ఎవరు వద్దన్నారు?" అన్నాము.

వరుని మేనమామ వకీలు అయ్యారు. ఫోను గోడకు ఆనించి నిలబెట్టారు. ఖుత్‌బా ముగిసి, మేము ప్రతిపాదన వినిపించే సరికి తెర మీది బొమ్మ నిలిచిపోయింది. వరుని నోరు సగం తెరచి ఉంది. సభలో గుసగుసలు మొదలయ్యాయి. మేనమామ మాత్రం గొంతు సవరించుకొని, ఫలానా వారి కుమారుడు ఫలానా వాని తరఫున ఖుబూల్ చేశానని స్పష్టంగా పలికారు. ఖర్జూరాలు పంచడం పూర్తయ్యాక సిగ్నల్ వచ్చింది.

"అయిపోయిందా మామయ్యా?"

"అయిపోయింది. నీ వంతు ఖర్జూరం కూడా నేనే తిన్నాను."